ఎండ మనది, చేంతాడు ఎవరిది?

(అనంతపురం జిల్లా గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ఉపన్యాసం)



ఈ పూట కరెంటు గురించి మాట్లాడుకుందాం. కరెంటు అంటే మనకు లైన్‌మన్ గుర్తొస్తాడు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ గుర్తొస్తుంది, నెల తిరిగేసరికి వచ్చే బిల్లు గుర్తొస్తుంది. అంతకు మించి ఆలోచించే తీరిక మనకు ఎవరూ ఇవ్వలేదు. కానీ ఆ బిల్లు మీది అంకె ఒక్క సబ్‌స్టేషన్‌లోనే పుట్టింది కాదు. దాని వెనక ఇండోనేసియా బొగ్గు గని ఉంది. చైనా కార్ఖానా ఉంది. అమెరికా వేసిన దావా ఉంది. "మా వాడలో వీధి లైటు వెలగకపోతే చైనాకేం సంబంధం?" అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. దానికి జవాబు చెప్పడానికే ఈ ఉపన్యాసం.

ముందుగా ఒక మాట. ఊరి బావి సంగతి మన పెద్దలను అడగండి. బావిలో నీళ్ళు ఉండేవి. ఆ నీళ్ళు ఎవరి అబ్బ సొత్తూ కాదు. కానీ చేద, చేంతాడు పెద్ద కులాల చేతిలో ఉండేవి. మనవాళ్ళు కుండలు పెట్టుకొని దూరంగా నిలబడి, ఎవరైనా దయ తలచి పోస్తే తెచ్చుకునేవాళ్ళు. అంటే మన గొంతు ఎండింది నీళ్ళు లేక కాదు. చేంతాడు మన చేతిలో లేక. దేశాల మధ్య కరెంటు సంగతి కూడా ఇట్లాంటిదే. బొగ్గు ఎవరి దగ్గర ఉంది, పలక ఎవరు చేస్తారు, ధర ఎవరు పెడతారు అన్నదే అసలు సంగతి. పెద్ద చదువుల వాళ్ళు దీన్ని ఇంధన భద్రత అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మూడు ప్రశ్నలు. స్విచ్ వేస్తే దీపం వెలుగుతుందా? మన కూలి డబ్బుతో బిల్లు కట్టగలమా? ఎవడో దూరాన కూర్చున్నోడు తలచుకుంటే ఇది ఆగిపోతుందా?

బొగ్గు వచ్చిన దారి

2007లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర 4,000 మెగావాట్ల భారీ థర్మల్ కేంద్రం కట్టే టెండర్‌ను రిలయన్స్ పవర్ కంపెనీ దక్కించుకుంది. యూనిట్ 2 రూపాయల 33 పైసలకే ఇస్తామని ఒప్పుకుంది. మన రాష్ట్రంతో పాటు కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలకు ఆ కరెంటు పోవాలి. బొగ్గును ఇండోనేసియా నుంచి ఓడల్లో తేవాలని లెక్క వేసుకున్నారు. 2010లో ఇండోనేసియా ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది: మా బొగ్గును ఇక ప్రపంచ మార్కెట్ ధర కంటే తక్కువకు అమ్మడానికి లేదు అని. అంతే, లెక్క తలకిందులైంది. ఈ ధరకు మాకు గిట్టదని 2011లో కంపెనీ పని ఆపేసింది. ఆ కేంద్రం లేవనే లేదు. సముద్రం అవతలి ప్రభుత్వం ఒక కాగితం మీద సంతకం పెడితే, నాలుగు రాష్ట్రాలకు రావాల్సిన కరెంటు కాగితం మీదే ఉండిపోయింది.

ఇది ఇండోనేసియా తప్పా? గని వాళ్ళది, ధర వాళ్ళు పెట్టుకున్నారు. మన వేరుశనక్కాయలకు మనం ధర పెట్టుకునే రోజు వస్తే మనమూ అదే పని చేస్తాం. ఒక్క గని మీద, ఒక్క ఓడ మీద, ఒక్క కంపెనీ మాట మీద ఇన్ని కోట్ల జనం దీపాన్ని కట్టేసినోళ్ళది తప్పు.

రెండో సంగతి ఇంకా దగ్గరది. 2020 చివర చైనాకు, ఆస్ట్రేలియాకు చెడింది. చైనా ఆస్ట్రేలియా బొగ్గు కొనడం ఆపేసి ఇండోనేసియా మీద పడింది. 2021లో చైనాలోనే కరెంటు కొరత వచ్చింది. అది ఎంత ధరకైనా బొగ్గు కొనసాగింది. పెద్దోడు అంగట్లోకి దిగితే చిన్నోడికి మిగిలేది ఏముంటుంది? ధర పైకి లేచింది. సముద్రం ఒడ్డున దిగుమతి బొగ్గుతో నడిచే మన దేశపు ప్లాంట్లు కొన్ని తగ్గించుకున్నాయి, కొన్ని ఆపుకున్నాయి. ఆ భారమంతా దేశంలోని బొగ్గు మీద పడింది. 2021 అక్టోబర్ నాటికి దేశంలో థర్మల్ కేంద్రాల దగ్గర సగటున నాలుగు రోజుల బొగ్గే మిగిలింది. మార్కెట్‌లో యూనిట్ 15, 20 రూపాయల దాకా పోతోందని మన రాష్ట్ర అప్పటి ముఖ్యమంత్రి ప్రధానమంత్రికి లేఖ రాశారు.

ఆ దెబ్బ మానకముందే 2022 జనవరిలో ఇండోనేసియా తన దేశంలో బొగ్గు చాలడం లేదని ఎగుమతులు ఆపేసింది. తర్వాత మెల్లగా వదిలింది. ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. 2020 మధ్యలో టన్ను 50, 60 డాలర్ల దగ్గర ఉన్న ఆస్ట్రేలియా బొగ్గు 2022లో 400 డాలర్లు దాటింది. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. కార్ఖానాకు సెలవిస్తే యజమానికి నష్టం వస్తుంది. నిజమే. కానీ దినకూలికి పోయేవాడికి ఆ పూట పొయ్యి వెలగదు. అదే ఏడాది కేంద్రం, రాష్ట్రాలు పది శాతం దిగుమతి బొగ్గు కలుపుకోవాలని ఆదేశించింది. మంట పుట్టిన అంగడికే మళ్ళీ మనల్ని తోలారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. కృష్ణపట్నం దగ్గరే ప్రభుత్వ రంగంలో ఇంకో థర్మల్ కేంద్రం ఉంది. దానికి దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు. కర్నూలు జిల్లా పెద్దపాడులో దళిత ఇంట్లో పుట్టి, 1960లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మన సంజీవయ్య గారు. ఆ కేంద్రాన్ని దేశీ బొగ్గుకు కొంత విదేశీ బొగ్గు కలిపి కాల్చేటట్టు కట్టారు. పేరు మనది పెట్టారు. దాని ధర మాత్రం సముద్రం అవతల తేలుతోంది.

బిల్లులోకి ఎట్లా వస్తుంది?

బొగ్గు ఖర్చు, కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగితే ఆ తేడాను తర్వాత వాడకందార్ల దగ్గర వసూలు చేస్తారు. దానికి ఇంధన సర్దుబాటు అని, ట్రూ అప్ అని పేర్లు. 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా వేసే పద్ధతి కూడా వచ్చింది. చైనా, ఆస్ట్రేలియా కొట్లాటకు, ఉక్రెయిన్ యుద్ధానికి మన కల్యాణదుర్గం, మడకశిర వాడల్లో వంతు కట్టడమంటే ఇదే.

"మాకు ఉచితం కదా" అంటారు కొందరు. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత కరెంటు మీద సంతకం పడింది. మంచిదే. కానీ ఉచిత కరెంటు ఎవరికి? బోరు ఉన్నోనికి. మోటారు ఉన్నోనికి. మనకు ఇచ్చిన డీకేటీ భూములు ఎక్కువగా గుట్ట కింద, రాళ్ళ మెట్టలో ఉంటాయి. బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. బోరు లేనోనికి తొమ్మిది గంటల కరెంటు ఇచ్చినా ఒకటే, ఇరవై నాలుగు గంటలు ఇచ్చినా ఒకటే. ఇళ్ళ విషయానికొస్తే ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం అని 2019లో ఉత్తర్వు వచ్చింది. అది భిక్ష కాదు, హక్కు. కాలనీలో లేవని, మీటరు వేరే పేరు మీద ఉందని, కుల ధ్రువపత్రం ఇవ్వలేదని తీసేస్తే ఆ ఇల్లు నేరుగా ఈ సర్దుబాటు చార్జీల కింద పడుతుంది.

ఎండ మనది, పలక వాళ్ళది

"బొగ్గు పోతే పోనీ, మన అనంతపురంలో ఎండకు కరువా, గాలికి కరువా?" అని ఇప్పుడు పెద్దలు అంటున్నారు. నిజమే. కరువు నేలకు ఇన్నాళ్ళకు ఒక గిరాకీ వచ్చింది. నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. 2016 నాటికి ఎన్‌టీపీసీ అక్కడ 250 మెగావాట్లు పెట్టింది. తాడిపత్రి మండలం తలారిచెరువు దగ్గర ఇంకో పార్కు వచ్చింది. 2025 మే నెలలో గుత్తి మండలం బేతపల్లిలో ఎండ, గాలి, బ్యాటరీ మూడూ కలిపిన 22,000 కోట్ల రూపాయల ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 2022లో జిల్లా రెండుగా చీలినాక కుంట సత్యసాయి జిల్లాలోకి పోయింది, గుత్తి అనంతపురంలో ఉంది. ఎండకు జిల్లా సరిహద్దు లేదు.

అయితే ఎండను కరెంటుగా మార్చే పలక ఎక్కడ పుడుతుంది? ఇసుక రాయిని కాల్చి సిలికాన్ తీస్తారు. దాన్ని దిమ్మగా పోస్తారు. దిమ్మను రేకులా పలచగా కోస్తారు. ఆ రేకును సెల్‌గా చేస్తారు. సెల్‌లను అద్దం కింద పేర్చి పలక కడతారు. ఈ అయిదు మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా ప్రపంచ సామర్థ్యంలో 80 శాతం పైన చైనా చేతిలో ఉందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో చెప్పింది. మన దేశంలో ఎక్కువగా పెరిగింది చివరి మెట్టు, అంటే పలక కట్టడం. కింది మెట్లకు ఇప్పటికీ చాలా మటుకు చైనా వైపే చూడాలి.

మనం చైనా మీద శాపాలు పెట్టడానికి ఇది చెప్పడం లేదు. చైనా చవగ్గా చేసినందువల్లనే 2010లో యూనిట్ 12 రూపాయల దగ్గర ఉన్న సోలార్ టెండర్ ధర, 2017లో రాజస్థాన్ భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు దిగింది. ఆ మేలు మేలే. కానీ చవక సరుకు ఇచ్చేవాడు ఒక్కడే అయితే, వాడు ఒక రోజు తలుపు మూస్తే ఏం చేస్తాం? 2020 జూన్‌లో గాల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వెంటనే ఆ దేశపు విద్యుత్ సామాను మీద కేంద్రం ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్ నుంచి బయటి పలకల మీద 40 శాతం, సెల్‌ల మీద 25 శాతం సుంకం వేసింది. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల ఎగుమతి మీద తాళం వేసింది. గాలిమరల్లో, ఎలక్ట్రిక్ బండ్లలో వాడే బలమైన అయస్కాంతాలు వాటితోనే చేస్తారు. మన దేశపు మోటారు కంపెనీలు గిలగిలా కొట్టుకున్నాయి.

ఇంకో పెద్దన్న సంగతి చూడండి. మన దేశం సోలార్ పథకాల్లో ఇక్కడ చేసిన సెల్‌లే వాడాలని నియమం పెడితే, 2013లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో దావా వేసింది. 2016లో తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. అదే అమెరికా 2022లో తన గడ్డ మీద చేసిన సరుకుకు రాయితీలిచ్చే చట్టం చేసుకుంది. ఊరి పెద్దకు ఒక న్యాయం, వాడకు ఒక న్యాయం అనేది మనకు కొత్త కాదు గదా.

మనమే పెద్ద పొరుగు అయిన చోట

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మన దేశం ఎప్పుడూ దెబ్బ తినే చిన్నోడే కాదు. 2015 సెప్టెంబర్‌లో నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. మధేశీ ప్రజలు సరిహద్దుల్లో ఆందోళనకు దిగారు. నెలల తరబడి మన వైపు నుంచి పెట్రోలు, వంట గ్యాస్ లారీలు కదల్లేదు. భారతదేశమే దిగ్బంధం చేసిందని నేపాల్ అంది, మాకు సంబంధం లేదని మన ప్రభుత్వం అంది. ఎవరి మాట ఎట్లున్నా భూకంపంలో ఇళ్ళు కూలిన పేదలు చలికాలంలో కట్టెలు వెతుక్కున్నారు. 2024లో జార్ఖండ్‌లోని గొడ్డా నుంచి బంగ్లాదేశ్‌కు కరెంటు పంపే అదానీ కంపెనీ, బకాయిలు తీర్చలేదని సరఫరా సగానికి కోసింది.

కాబట్టి ఇది ఒక దేశం మంచిది, ఒక దేశం చెడ్డది అనే లెక్క కాదు. చేంతాడు ఒక్కడి చేతిలో ఉంటే వాడు లాగుతాడు. చైనా అయినా అంతే, ఢిల్లీ అయినా అంతే, ఊరి రెడ్డి అయినా అంతే. ఈ సూత్రం మనకంటే బాగా తెలిసినోళ్ళు ఎవరున్నారు?

భద్రత ఎవరికి, భూమి ఎవరిది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. "చైనా మీద, దిగుమతి బొగ్గు మీద ఆధారపడకూడదు. దేశ భద్రత కోసం సోలార్ కావాలి. దాని కోసం భూములివ్వండి" అంటున్నారు. సోలార్‌కు మనం వ్యతిరేకం కాదు. ముద్దనూరు బూడిద కంటే ఎండ నయం. కానీ దేశానికి భద్రత అన్నప్పుడల్లా మొదట మన కింది నేల ఎందుకు కదులుతుంది?

నంబులపూలకుంటలో వేల ఎకరాలు పార్కు కిందికి పోయాయి. వాటిలో ప్రభుత్వ భూమి, అసైన్డ్ భూమి పెద్ద భాగం. కాగితాల్లో అవి బీడు. కళ్ళతో చూస్తే చేండ్లు, గొర్రెల మేత. పట్టా చేతిలో లేకుండా ఏండ్ల తరబడి సాగు చేసుకున్నోళ్ళు పరిహారం కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది.

పక్కనే పావగడ చూడండి. కర్ణాటకలో ఉన్నా మన తెలుగు మాట్లాడే జనమే. 2,050 మెగావాట్లు, 13,000 ఎకరాలు. అక్కడ భూమి కొనలేదు, ఎకరాకు ఏటా 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసుకున్నారు. పదెకరాలున్న రైతుకు ఏటా రెండు లక్షలు వస్తుంది. కరువు సీమలో అది చిన్న సొమ్ము కాదు. మరి ఆ చేన్లలో కలుపు తీసిన ఆడకూలికి? కాయలు పెరికిన వాడకు? మేకలు తోలుకుపోయిన వాడికి? కౌలు పత్రంలో వాళ్ళ పేరుండదు. పలకలు కడగడానికి, కంచె కాపలాకు కొద్దిమంది చాలు. మిగిలినోళ్ళు బెంగుళూరు బస్సెక్కాలి.

ఇందులో కిటుకు అర్థం చేసుకోండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి లేని కూలీ, కౌలుదారు కూడా బాధిత కుటుంబమే. మూడేండ్లుగా ఆ భూమే వాళ్ళ ముఖ్య జీవనాధారం అయి ఉండాలి, అంతే. కానీ అది ప్రభుత్వం భూమి సేకరించినప్పుడు. కంపెనీ నేరుగా కౌలుకు తీసుకుంటే సేకరణే లేదు. సేకరణ లేకపోతే బాధితుడూ లేడు. చట్టం తలుపు ముందు మనల్ని నిలబెట్టి, దొడ్డి దారిన పని కానిస్తారు.

బాబాసాహెబ్ ఏం చెప్పారు?

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. నీటిపారుదల, విద్యుత్తు ఆయన కిందే ఉండేవి. 1943 అక్టోబర్ 25న విద్యుత్ అభివృద్ధి మీద మాట్లాడుతూ, పేదరికం నుంచి దేశం బయటపడాలంటే పరిశ్రమలు రావాలని, వాటికి చవకైన, సమృద్ధిగా దొరికే కరెంటు కావాలని వాదించారు. అది ప్రైవేటు చేతుల్లో ఉండాలా, ప్రభుత్వం చేతుల్లో ఉండాలా అన్న ప్రశ్నను ఆనాడే ముందు పెట్టారు. 80 ఏళ్ళు దాటాయి. కరెంటు ఎవరి కోసం అనే ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. అంటరానోళ్ళ నాయకుడు అని ఆయన్ను వాడకు పరిమితం చేసినోళ్ళు, ఈ దేశపు కరెంటుకు పునాది గీసినోళ్ళలో ఆయన ఒకరని మన పిల్లలకు చెప్పలేదు. మనం చెప్పాలి.

మనం చేయాల్సింది

ఊరికి పోయినాక చేయాల్సిన పనులు చెప్తాం, రాసుకోండి.

ఒకటి. వాడలో ప్రతి డీకేటీ పట్టా, అడంగల్, వన్ బీ నకలు తీయించండి. పట్టా లేకుండా సాగులో ఉన్నోళ్ళ పేర్లు, సర్వే నంబర్లు, ఎన్నేండ్లుగా ఉన్నారో ఒక పుస్తకంలో ఎక్కించండి. కంపెనీ జీపు వచ్చినాక వెతికితే దొరకవు.

రెండు. అసైన్డ్ భూమికి తక్కువ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో, అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమికి ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ పేరు, ఆ సంవత్సరం నోటికి రావాలి.

మూడు. కౌలు ఒప్పందం జరిగే ప్రతి ఊళ్ళో కూలీలకు, మేకల వాళ్ళకు ఏం ఇస్తారో గ్రామసభలో అడిగి మినిట్స్‌లో రాయించండి. అప్పటిదాకా తీర్మానం కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. తెలుగులో లేని కాగితం మీద అసలే వేయొద్దు.

నాలుగు. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళ మీద రెండు కిలోవాట్ల సోలార్ ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. పెట్టించుకుందాం. కానీ మూడు మాటలు రాతలో అడగాలి. రేకుల ఇల్లు, కొట్టం ఉన్నోళ్ళ సంగతేమిటి? చెడిపోతే బాగు చేసేది ఎవరు? దీని పేరు చెప్పి 200 యూనిట్ల హక్కు తీసేయరు గదా? మన కప్పు మీద మన పలక ఉంటే, ఎక్కడో ఓడ ఆగినా మన దీపం ఆగదు. చేంతాడు కొంతైనా మన చేతికి వచ్చేది అట్లనే.

అయిదు. మన పిల్లలకు ఐటీఐలలో పలకలు బిగించే పని, బాగు చేసే పని నేర్పమని అడగాలి. పార్కు మన ఊళ్ళో, మెకానిక్కు ఎక్కడినుంచో రావడం ఇక చెల్లదు.

చైనాతో చేసే బేరం ఢిల్లీ చేస్తుంది, ఇండోనేసియా ధర మన చేతిలో లేదు. ఒప్పుకుందాం. కానీ ఆ బేరంలో వచ్చిన నష్టం ఎవరి నెత్తిన పడాలి, లాభం ఎవరి ఇంటికి పోవాలి అన్నది ఇక్కడ, ఈ కలెక్టరాఫీసులో, ఈ గ్రామసభలో తేలుతుంది. అక్కడ మనం లేకపోతే నష్టం మన వాటాకు, లాభం వాళ్ళ వాటాకు పంచేస్తారు. ఉందాం. అందరం పోయి కూర్చుందాం.

జై భీమ్!